అమ్మ పెళ్లి 1982లో, తాత పోయింది 1998లో. పొలంలో వాటా వస్తుందా?

గోదారి_పిల్ల:
తణుకు దగ్గర మా తాతకు వాళ్ల నాన్న నుంచి వచ్చిన మాగాణి ఉంది. తాత వీలునామా రాయలేదు. ఇప్పుడు రోడ్డు పడి రేటు పెరిగేసరికి మావయ్యలు అమ్మకానికి పెట్టారు. అమ్మ అడిగితే, “ఎన్టీఆర్ ఇచ్చిన హక్కు 1985కి ముందే పెళ్లయినవాళ్లకు లేదు, పైగా 1999లోనే పంచేసుకున్నాం” అని ఒక తెల్లకాగితం చూపించారు. అందులో అమ్మ సంతకం లేదు.

సివిల్_దావా:
1985 మాట నిజమే. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ ఆ ఏడు సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికానివాళ్లకే వర్తించింది. కానీ 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ రోజుకి తండ్రి బతికుండాలని 2015లో సుప్రీంకోర్టు అంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జిలు అక్కర్లేదని తేల్చేశారు.

2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన పంపకం నిలవాలంటే రిజిస్టరు దస్తావేజో కోర్టు డిక్రీయో ఉండాలి. తెల్లకాగితం సరిపోదు. అయితే అప్పుడే సంబరపడకండి. ప్రభుత్వ రికార్డులు గట్టిగా బలపరిస్తే నోటి పంపకాన్ని అరుదుగా ఒప్పుకోవచ్చని అదే తీర్పులో సందు వదిలారు. అప్పటికే పట్టాదారు పాస్‌బుక్కులు, అడంగల్ (ఊరి భూముల సాగు రికార్డు) విడివిడిగా మారి ఉంటే వాళ్ల లాయరు పట్టుకునేది వాటినే.

ఒకటి మాత్రం ఎవరూ కాదనలేరు. పాత చట్టం ప్రకారమే తాత వంతుకి కూతురూ భార్యా వారసులు. అమ్మమ్మ ఉన్నారా?

దస్తావేజు_రాతగాడు:
కోర్టు దాకా ఎందుకండీ? ఈ రోజుల్లో ఆడపిల్లల సంతకాలు లేకపోతే బ్యాంకు లోను రాదు, తెలిసినవాడెవడూ అడ్వాన్సు ఇవ్వడు. మా టేబుల్ దగ్గర సగం తగాదాలు అక్కడే తెగుతాయి.

గోదారి_పిల్ల:
అమ్మమ్మ 2011లో పోయింది. కోర్టంటే అమ్మకు టెన్షన్, “పుట్టింటికి మొహం ఎలా చూపించను” అంటోంది.

సివిల్_దావా:
అయితే అమ్మమ్మ వాటాలోనూ అమ్మకు భాగం ఉంది. ముందు ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), పాత అడంగల్ నకళ్లు తీయించండి. తర్వాత నోటీసు. అప్పటికీ అమ్మబోతే పంపకాల దావా వేసి ఇంజంక్షన్ (అమ్మకం ఆపే కోర్టు ఉత్తర్వు) అడగాలి. ఈలోగా మావయ్యలు “ఊరికే సాక్షి సంతకం” అని ఏ కాగితం తెచ్చినా అమ్మ చేత పెట్టించకండి.