సీఐఎస్‌ఎస్‌పీ పరీక్షలో నీతి పాఠం ఉండాలా, తీసేయాలా?

రాత్రిడ్యూటీ:
సీఐఎస్‌ఎస్‌పీ అనే సమాచార భద్రతా సర్టిఫికెట్ పరీక్షకు చదువుతున్నాను. దాని నీతి నియమావళిలో నాలుగు సూత్రాలున్నాయి. సమాజ రక్షణ మొదటిది, పని అప్పగించినవారికి శ్రద్ధగా సేవ చేయడం మూడోది. రెండూ పొసగనప్పుడు ముందున్నదే చెల్లుతుందని బట్టీ పడితే మార్కులు వస్తాయి. ఈ మాత్రానికి శిక్షణ అనే పేరెందుకు? దీని బదులు చట్టం చెప్పండి. అనుమతి లేకుండా ఒక సిస్టంలోకి వెళ్తే, ఉద్దేశం ఎంత మంచిదైనా ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం కట్టవలసి రావచ్చు. ఇది తెలియని పెన్‌టెస్టర్లు (సిస్టంలోకి చొరబడి చూసి భద్రతాలోపాలు పట్టేవారు) కొల్లలుగా ఉన్నారు.

తాళంచెవి:
తొందరపడకండి. ఒక క్లయింటు మేనేజర్ నన్ను "ఈ లోపాన్ని క్రిటికల్ నుంచి మీడియంకు దించండి, ఆడిట్ గడిచాక సరిచేస్తాం" అని అడిగారు. "సంతకం నాది, సర్టిఫికెట్ ఊడుతుంది" అన్నాను. మొహం మాడ్చుకుని ఊరుకున్నారు. ఆ నియమావళే లేకపోతే నేను దేన్ని చూపించి కాదనేవాడిని?

కొండవీటి:
చట్టం నేర్పితే చాలన్నవారికి ఉబర్ సంగతి గుర్తుచేస్తాను. 2016లో 5.7 కోట్ల మంది వివరాలు పోయాయి. భద్రతాధిపతి జో సలివన్ చొరబాటుదారులకు లక్ష డాలర్లు బగ్ బౌంటీ (లోపాలు కనిపెట్టి చెప్పినవారికిచ్చే బహుమతి) పద్దు కింద ఇప్పించారు. పైగా అసలు డేటా ఏదీ తీసుకోలేదని వాళ్లతో ఒప్పందపత్రం మీద సంతకాలు పెట్టించారు. 2022లో దోషిగా తేలారు, 2023లో మూడేళ్ల ప్రొబేషన్ పడింది. ఆయన ఎవరనుకున్నారు? ఒకప్పటి ఫెడరల్ ప్రాసిక్యూటర్, సైబర్ నేరాల కేసులు నడిపినవారు! సెక్షన్లు తెలియక చేశారా? శిక్షణలో అలాంటి ఒప్పందపత్రాన్నే ముందు పెట్టి, "ఇది మీ బల్ల మీదికి వస్తే ఎవరికి, ఏమని రాస్తారు?" అని అడగాలి. నాలుగు ఆప్షన్లలో అది ఇమడదు.

రాత్రిడ్యూటీ:
తాళంచెవి గారూ, మీ మేనేజర్ ఊరుకున్నారు కాబట్టి సరిపోయింది. నా మిత్రుడు ఇలాగే మొండికేస్తే, అదే రిపోర్టు మీద మరొకరితో సంతకం పెట్టించుకున్నారు. ఆ మరొకరికీ ఇదే సర్టిఫికెట్ ఉంది.

తాళంచెవి:
అయితే ఆ రెండో ఆయన మీద సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు చేయవలసింది. మొదటి రెండు సూత్రాలు తప్పితే, నష్టపోయిన ఎవరైనా ప్రమాణపత్రం జతచేసి పంపవచ్చు. మూడోదానికైతేనే యజమానో క్లయింటో కావాలి. మీ మిత్రుడు పంపారా?

రాత్రిడ్యూటీ:
లేదు. ఇంకా ఆ క్లయింటు ప్రాజెక్టులోనే ఉన్నాడు, నెత్తిన ఇంటి అప్పు ఉంది. దానికి జవాబు ఏ అధ్యాయంలో ఉందో చూపించండి, రేపటి నుంచే శ్రద్ధగా చదువుతాను.