ములుగు చుట్టుపక్కల మూడు రోజులు: అడవి, చెరువులు, నడక గురించి సలహా కావాలి

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా కుటుంబం హైదరాబాదు నుంచి ములుగు వచ్చి, అక్కడే మూడు రోజులు మకాం పెట్టి, చుట్టుపక్కల అడవినీ చెరువులనూ తీరికగా చూడాలని అనుకుంటున్నాము. నేను, మావారు, 12 ఏళ్ల అమ్మాయి, 9 ఏళ్ల అబ్బాయి, 68 ఏళ్ల మా నాన్నగారు వస్తాము. సొంత కారు ఉంది. కాలేజీ రోజుల్లో రామప్ప గుడికి ఒకసారి వచ్చాను గానీ, బస్సు దిగి, గుడి చుట్టూ తిరిగి, ఫొటోలు దిగి మళ్ళీ బస్సెక్కడమే తప్ప, ఆ పక్కనే అంత పెద్ద చెరువు ఉందన్న సంగతి కూడా అప్పుడు గమనించలేదు. ఈసారి పిల్లలు కాళ్లకు మట్టి అంటేలా నడవాలని, పిట్టలను చూడాలని, పడవ ఎక్కాలని నా కోరిక.

ఇంట్లో రెండు మాటలుగా ఉంది. బొగత జలపాతం నిండుగా ఉండగా చూడాలి కాబట్టి ఆగస్టులోనే వెళ్దామని పిల్లలు పట్టుబడుతున్నారు. వానల్లో వద్దు, చలికాలంలో వెళ్దామని నాన్నగారు అంటున్నారు. ఏ నెల మంచిది? అడవిలో మనంతట మనం నడవవచ్చా, అనుమతి తీసుకోవాలా? ఆ ప్రాంతం తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (ములుగులో ఉపాధ్యాయుడిని):

అమ్మా, నాన్నగారి మాటే వినండి. డిసెంబరు మొదటి పక్షంలో రండి. అప్పటికి వానలు తగ్గిపోయి ఉంటాయి, చెరువులు ఇంకా నిండుగానే ఉంటాయి, వరికోతలు చాలావరకు అయిపోయి ఉంటాయి. ఊళ్ల మధ్య రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటారు కాబట్టి కారు నెమ్మదిగా నడపండి. ఆ గింజలు వాళ్ల ఏడాది కష్టం.

ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది ఒకే రోజులో రామప్ప, లక్నవరం, బొగత, మేడారం అన్నీ చుట్టేసి, సాయంత్రానికి తిరుగు ప్రయాణం పెట్టుకుంటారు. ములుగు నుంచి బొగత ఒక్కటే దాదాపు 90 కిలోమీటర్లు ఉంటుంది. అలా తిరిగితే రోడ్డు గుర్తుంటుంది గానీ అడవి గుర్తుండదు. మీకు మూడు రోజులున్నాయి కాబట్టి రెండు చెరువులకు రెండు ఉదయాలు కేటాయించండి.

మొదటి ఉదయం రామప్పకు వెళ్లండి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన తర్వాత జనం బాగా పెరిగారు. అందుకే ముందు చెరువు, తర్వాత గుడి అన్న వరుస పెట్టుకోండి. తెల్లవారుతుండగా కట్ట మీదికి చేరితే, నీళ్ల మీద పొగమంచు విడిపోకముందే బుడబుంగలు మునుగుతూ తేలుతూ కనిపిస్తాయి. నీటికాకులు ఎండిన కొమ్మల మీద కూర్చుని, రెక్కలు బార్లా చాచి ఆరబెట్టుకుంటాయి. మా బడి పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఒక అమ్మాయి, ఆ పిట్ట అంతసేపు ఎందుకు అలా నిలబడిందని అడిగింది. బాతు రెక్కల్లా దాని రెక్కలు నీటిని పూర్తిగా విదిలించలేవు, తడిసిపోతాయి. అందుకే లోతుకు సులువుగా మునగగలదు, అందుకే బయటికి వచ్చాక ఆరబెట్టుకోవాలి. మీ పిల్లలకు ఈ జవాబు ముందే చెప్పకండి, చూసి అడగనివ్వండి.

కట్ట మీద నిలబడి ఒకవైపు నీటిని, రెండోవైపు కిందనున్న పొలాలను చూస్తే, ఎనిమిది వందల ఏళ్ల కిందటి చెరువు ఇంకా ఎందుకు బతికి ఉందో ఎవరూ చెప్పనవసరం లేదు. అది విహారం కోసం తవ్వినది కాదు, దాని కింద ఇప్పటికీ సేద్యం సాగుతోంది. తూముల దగ్గర, కాల్వల గట్ల మీద ప్లాస్టిక్ సీసాలు పారవేయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

రెండో ఉదయం లక్నవరం. అక్కడ గుట్టలే కట్టలు. గుట్టల మధ్య ఉన్న సందులను చిన్న కట్టలతో మూసి కాకతీయుల కాలంలో ఆ చెరువును నిలిపారు. అందుకే నీరు గుట్టల మధ్యకు వేళ్లలా చొచ్చుకుపోయి, నడుమ దీవులు మిగిలాయి. వేలాడే వంతెన మీద సెలవు రోజుల్లో రద్దీ విపరీతం కాబట్టి వారం మధ్యలో వెళ్లండి. పడవ ఎక్కేటప్పుడు పిల్లలకే కాదు, మీకూ లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి. ఈత వచ్చినా సరే, రెండు చెరువుల్లోనూ దిగవద్దు.

సమాధానం 2 (అటవీ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను):

అడవిలో నడక గురించి నేను చెబుతాను. పస్రా దాటి తాడ్వాయి వైపు వెళ్లే కొద్దీ మీరు ఏటూరునాగారం అభయారణ్యంలోకి ప్రవేశిస్తారు. జాతీయ రహదారి మీద వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు గానీ, రోడ్డు దిగి లోపలికి నడవాలంటే తాడ్వాయిలోని అటవీ కార్యాలయంలో ముందుగా అడిగి, స్థానికుడైన ఒక దారిచూపరిని వెంటబెట్టుకోవాలి. అడవి దున్నలు, ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న చోటు ఇది. ఎలుగుబంటి మనల్ని వెతుక్కుంటూ రాదు, మనం హఠాత్తుగా ఎదురుపడితేనే ప్రమాదం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే వేళ తెల్లవారుజామున అది చెట్టు కిందికి వస్తుంది, అదే వేళకు పూలు ఏరుకోవడానికి కోయ ఆడవాళ్లూ బయలుదేరుతారు. అందుకే వాళ్లు ఒంటరిగా వెళ్లరు, మాట్లాడుకుంటూ గుంపుగా వెళ్తారు. వాళ్ల పద్ధతినే మీరూ పాటించండి.

దారిలో టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు కనిపిస్తాయి. తునికి చెట్టును పిల్లలకు చూపించండి. ఎండాకాలంలో బీడీలు చుట్టడానికి వాడే ఆ ఆకులను 50 చొప్పున పేర్చి, నారతో కట్టలు కట్టి, కల్లంలో వరుసలుగా ఆరబెడతారు. చాలా గూడేల్లో ఏడాది మొత్తంలో చేతికి రొక్కంగా వచ్చే ముఖ్యమైన ఆదాయం అదే. తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో కొన్నిచోట్ల ఆకాశం ఒక్కసారిగా తెరుచుకున్నట్లు కనిపిస్తుంది. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి అక్కడ 50 వేలకు పైగా చెట్లు కూలినట్లు అప్పట్లో అధికారులు లెక్కగట్టారు. ముప్పై ఏళ్లు ఆ దారుల్లో తిరిగినవాడిని, మర్నాడు వెళ్లి చూసి ఏ దారి ఎటు పోతుందో పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు ఆ ఖాళీల్లో గడ్డి, పొదలు, మొలకలు లేస్తున్నాయి. అడవి తనను తాను ఎలా కుదుటపరచుకుంటుందో చూడాలంటే అక్కడ కాసేపు ఆగండి.

చరిత్ర మీద ఆసక్తి ఉంటే దామరవాయి గుట్ట మీది రాకాసి గూళ్లు చూడవచ్చు. అవి బృహత్ శిలాయుగపు సమాధులు. ఎక్కడం కాస్త కష్టం కాబట్టి మీ నాన్నగారికి నేను సూచించను. రాళ్ల మీద ఎక్కవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

సమాధానం 3 (ఏటూరునాగారం):

పై ఇద్దరూ మెత్తగా చెప్పారు, నేను కాస్త గట్టిగా చెబుతాను. ఆగస్టులో పిల్లలతో రావద్దు. 2023 జులైలో ఒక్క రోజులో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి మా మండలంలోని కొండాయిలో మనుషులు కొట్టుకుపోయారు. అదే వారంలో వెంకటాపురం (పైన చెప్పిన వెంకటాపూర్ కాదు, వేరే మండలం) వైపు ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లినవారు వాగు పొంగి దారికి అడ్డం రావడంతో రాత్రంతా అడవిలో చిక్కుకుపోతే, విపత్తు దళాలు వెళ్లి బయటికి తేవలసి వచ్చింది. వెళ్లేటప్పుడు మోకాలి లోతు ఉన్న వాగు, తిరిగి వచ్చేసరికి మనిషి లోతు అవుతుంది. మీరున్న చోట చినుకు పడకపోయినా, పైన కురిసిన వాన రెండు గంటల తర్వాత మీ దగ్గరికి వస్తుంది. నా సొంత మేనల్లుడు లోలెవల్ వంతెన మీద నీళ్లు పాదం లోతే కదా అని బండి పోనిచ్చాడు. బండి పోయింది, వాడు తుమ్మకొమ్మ పట్టుకుని బతికాడు.

బొగత డిసెంబరులో సన్నబడుతుంది, నిజమే. అయినా పిల్లలు చూసి సంతోషించేంత నీరు ఉంటుంది. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటడం కూడా వాళ్లకు గుర్తుండిపోతుంది. జలపాతం దగ్గర పాచి పట్టిన రాళ్ల మీద చెప్పులతో నడవవద్దు, గీత గీసిన చోటు దాటవద్దు.

ప్రశ్న అడిగినవారు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. డిసెంబరుకే నిర్ణయించుకున్నాము. ఒక్క సందేహం మిగిలింది. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉంది, అరగంటకు మించి నడవలేరు. ఆయనను గదిలో వదిలి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

సమాధానం 1 (ములుగు):

వదలనవసరం లేదమ్మా. ఆయనను కట్ట దగ్గర నీడ ఉన్న చోట, ఒక మడత కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఫ్లాస్కులో టీ పోసి ఇవ్వండి. పిట్టలను చూడటానికి నిజానికి నడిచేవారికంటే కదలకుండా కూర్చున్నవారికే అవకాశం ఎక్కువ. మీరు నడిచి వచ్చేలోపు లకుముకి పిట్ట ఎన్నిసార్లు నీళ్లలోకి దూకి చేపను పట్టిందో ఆయనే మీ పిల్లలకు లెక్క చెబుతారు. వచ్చేటప్పుడు బైనాక్యులర్ ఒక్కటే ఉంటే అది ఆయన చేతికే ఇవ్వండి. చలి బాగా ఉంటుంది కాబట్టి ఆయనకు మఫ్లరు, శాలువా మరువకండి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర వస్తుంది. ఎప్పుడైనా జాతర ఏడాదిలో రావలసి వస్తే, దానికి ముందూ తర్వాతా కొన్ని వారాలు ఈ రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయని గుర్తుంచుకోండి.