మన ఊరి టీకాల కార్డు, అమెరికా బడి: కొత్తగా వచ్చినవారి సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ఈమధ్యే ఖమ్మం నుంచి టెక్సస్ వచ్చాము. ఐదేళ్ల పాపను కిండర్‌గార్టెన్‌లో చేర్పించబోతే టీకాల వివరాలు అడిగారు. ఏఎన్ఎం గారు రాసిచ్చిన కార్డు ఉంది. అన్నీ మళ్లీ మొదటినుంచి వేస్తారా? ఒకేరోజు నాలుగైదు సూదులు వేస్తే ప్రమాదం కాదా? నాకిప్పుడు ఐదో నెల. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
నమస్కారమమ్మా. కార్డు జాగ్రత్తగా తెచ్చుకున్నారు కాబట్టి సగం పని అయినట్టే. తేదీలతో సహా రాసి ఉన్న డోసులను ఇక్కడి డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. అయితే మన కార్డులో 05/08 అంటే ఆగస్టు ఐదు. ఇక్కడివారు దాన్ని మే ఎనిమిదిగా చదువుతారు. ఏడాది నిండకముందు వేసిన తట్టు టీకా ఇక్కడ చెల్లదు గనుక ఆ పొరపాటుతో మంచి డోసు కూడా పోవచ్చు. నెల పేరును అక్షరాలలో రాసిన కాగితం ఒకటి జతచేయండి.

ఇక అసలు సంగతి. ఏ టీకా గురించైనా ముందుగా అడగవలసింది, అందులో ఉన్నది బలహీనపరచిన సజీవ క్రిమా, కాదా అని. బీసీజీ (టీబీ టీకా), పోలియో చుక్కలు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా), ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ టీకా సజీవమైనవి. ఆ క్రిమి ఒంట్లో కొద్దిగా పెరిగి రోగనిరోధక వ్యవస్థకు అసలు జబ్బును పోలిన అనుభవాన్నిస్తుంది. అందుకే ఎంఎంఆర్ జ్వరం ఆ రాత్రికి కాక, వారం, పది రోజుల తరువాత వస్తుంది. అందుకే గర్భిణులకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ ఈ టీకాలు వేయరు. ఎంఎంఆర్‌నూ ఆటలమ్మ టీకానూ ఒకే రోజు వేయించాలి, లేదా కనీసం 28 రోజుల ఎడం ఇవ్వాలి. పాపకు వేయించినందువల్ల మీ గర్భానికి భయం లేదు. ఆటలమ్మ టీకా తరువాత పాపకు పొక్కులు లేస్తే మాత్రం వాటికి దూరంగా ఉండి, డాక్టరుకు చెప్పండి.

ఐదు జబ్బులకు కలిపి మన దగ్గర వేసే పెంటావాలెంట్‌లో బతికిన క్రిమి ఏదీ లేదు. కంఠసర్పి, ధనుర్వాతాలకు విరుగుడుగా విషగుణం తీసేసిన టాక్సాయిడ్లు, కోరింత దగ్గుకు చంపిన బాక్టీరియా, హెపటైటిస్ బికి వైరస్ పైపొర ప్రోటీను, హిబ్ అనే బాక్టీరియాకు ప్రోటీనుతో జతచేసిన చక్కెర పదార్థం ఉంటాయి. చక్కెర ఒక్కటే ఇస్తే పసిపిల్లల శరీరం దాన్ని సరిగా గుర్తుపెట్టుకోదు. మన దగ్గర కోరింత దగ్గు బాక్టీరియాను మొత్తంగా వాడతారు కాబట్టి తొడ వాచి, జ్వరం కాసి, పిల్లలు రాత్రంతా ఏడుస్తారు; ఇక్కడ కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గులకు పిల్లలకు వేసే డీటాప్‌లో దాని ముక్కలే ఉంటాయి, బాధ తక్కువ.

మీ పాపకు ఏమేమి మిగిలాయో కార్డు చూసి డాక్టరే తేలుస్తారు. 2016 ఏప్రిల్ తరువాత వేసిన చుక్కలు ఇక్కడి లెక్కలోకి రావు, కనుక పోలియో సూది ఉంటుంది. ఎంఆర్‌లో గవదబిళ్లల టీకా లేదు, కనుక ఎంఎంఆర్ ఉంటుంది. మన ప్రభుత్వ పట్టికలో లేని ఆటలమ్మ, హెపటైటిస్ ఎ టీకాలు కూడా కావాలి.

ఒకేరోజు పలు సూదులు వేయడం ఇక్కడ మామూలే. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకు ఒకటి, రెండు సార్లు కనిపిస్తుంది, అదీ సాధారణంగా నిమిషాలలోనే. కాబట్టి వేయించాక పావుగంట క్లినిక్‌లోనే కూర్చోండి. నియోమైసిన్, జెలటిన్ పడనివారైతే ముందే చెప్పాలి.

టీబీ పరీక్ష చేస్తామంటే, పాప భుజం మీది బీసీజీ మచ్చను చూపించండి. బీసీజీ వల్ల చర్మం మీది టీబీ పరీక్ష పాజిటివ్‌గా కనిపించవచ్చు. రక్తపరీక్షకు ఆ చిక్కు లేదు, అదే అడగండి. సజీవ టీకా వేసిన రోజునే పరీక్ష చేయించాలి, లేకపోతే నాలుగు వారాలు ఆగాలి.

మీ సంగతి: ఎంఎంఆర్ అవసరమైతే కాన్పు తరువాతే. డీటాప్ లాంటిదే, పెద్దలకు వేసే సజీవం కాని టీడాప్‌ను మాత్రం 27 నుంచి 36 వారాల మధ్య తీసుకుంటే, పుట్టబోయే బిడ్డకు తొలి నెలల్లో కోరింత దగ్గు నుంచి రక్షణ అందుతుంది.

మరొకరి జవాబు:
పైవారు చెప్పినదానికి ఒక్కమాట. ఇన్సూరెన్స్ ఇంకా మొదలుకాకపోతే క్లినిక్‌కు ఫోన్ చేసి వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ కార్యక్రమంలో ఉన్నారా అని అడగండి. ఇన్సూరెన్స్ లేని పిల్లలకు ఆ కార్యక్రమం కింద వ్యాక్సిన్ ఉచితం, వేసినందుకు మాత్రం చిన్న రుసుము అడగవచ్చు. డోసులన్నీ పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. ప్రతి టీకాలో మొదటి డోసు పడి, మిగిలినవి సకాలంలో వేయిస్తూ ఉంటే టెక్సస్ బడులలో తాత్కాలిక ప్రవేశం ఇస్తారు.