ఇంపోర్టు దారులు కుదించడం: జాంగో, ఫ్లాస్క్ వాడేవాళ్ల అనుభవాలు కావాలి

నాగావళి
నమస్తే అందరికీ. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో మీద మేం రాసుకున్న చిన్న బిల్లింగ్ ప్యాకేజీని ఓపెన్ సోర్స్‌గా వదలబోతున్నాం. ఒక్క వ్యూ (పేజీ అడిగితే జవాబిచ్చే కోడ్) రాయాలన్నా నాలుగైదు మాడ్యూళ్ల నుంచి ఇంపోర్టు చేసుకోవాల్సి వస్తోంది. ఏ క్లాసు ఏ ఫైల్లో ఉందో రాసిన మేమే వెతుక్కుంటున్నాం. అందుకే మోడల్స్‌తో సహా (అంటే డేటాబేస్ టేబుళ్లను వర్ణించే క్లాసులతో సహా) అన్నిటినీ ప్యాకేజీ ఇనిట్ ఫైల్లోకి (ప్యాకేజీని ఇంపోర్టు చేయగానే నడిచే __init__.py) తెచ్చి, ఏది కావాలన్నా ఒకే పేరు నుంచి తీసుకునేలా చేద్దామనుకుంటున్నాను. టీమ్‌లో ఒకరు గట్టిగా వద్దంటున్నారు. పాత ప్రాజెక్టులు అప్‌గ్రేడ్ చేసినవాళ్లు ఇలాంటి చోట ఏం జరిగిందో చెప్పండి. జనం వాడటం మొదలుపెట్టాక దారులు మార్చి వాళ్లను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు.

హనుమకొండ_డెవ్
ముందు మోడల్స్ సంగతి తేల్చుకోండి. జాంగో 1.9 నుంచీ యాప్ రూట్ ప్యాకేజీలో, అంటే దాని ఇనిట్ ఫైల్లో, మోడల్స్‌ను ఇంపోర్టు చేయడం కుదరదు. మొదలయ్యేటప్పుడు జాంగో, సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో ఉన్న ఒక్కో ప్యాకేజీనీ లోడ్ చేస్తుంది, అంటే వాటి ఇనిట్ ఫైళ్లు నడుస్తాయి. అవన్నీ అయ్యాకే మోడల్స్ వంతు. ఇనిట్‌లోనే మోడల్‌ను లాగితే యాప్స్ ఇంకా లోడ్ కాలేదంటూ ఎర్రర్ వచ్చి సర్వర్ అసలు లేవదు. కాబట్టి "మోడల్స్‌తో సహా" అన్న మాట ఇక్కడే తీసేయండి.

పాత_ప్యాకేజీ
నేను చాలాకాలం ఫ్లాస్క్ (పైథాన్‌లోనే మరో వెబ్ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులు మెయింటైన్ చేశాను. ఈ విషయంలో ఫ్లాస్క్ చరిత్ర తప్పకుండా చదవాల్సింది.

మొదట్లో ఎక్స్‌టెన్షన్లన్నీ ఒకే గుమ్మం నుంచి వచ్చేవి. ఫ్లాస్క్.ఎక్స్‌ట్.ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అని రాస్తే, లోపల ఒక ఇంపోర్ట్ హుక్ ఫ్లాస్క్_ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అనే అసలు ప్యాకేజీని తెచ్చిచ్చేది. చూడ్డానికి బాగుండేది. కానీ డిస్క్ మీద ఆ దారిలో ఫైలే ఉండదు కాబట్టి ఎడిటర్‌కు దొరికేది కాదు. చివరికి 2016లో 0.11 వెర్షన్ హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది, 2018లో 1.0 పూర్తిగా తీసేసింది.

రెండోది ఇంకా ముఖ్యం. ఫ్లాస్క్ 1.1 తన ఇనిట్ ఫైల్లో ఎస్కేప్, మార్కప్ అనే రెండు పేర్లను జింజా (టెంప్లేట్ల లైబ్రరీ) నుంచి తెచ్చి తనవిగా చూపించేది. అవి నిజానికి జింజావీ కావు, మార్కప్‌సేఫ్ అనే మరో లైబ్రరీవి. 2022లో జింజా 3.1 ఆ పేర్లను తీసేసింది. ఫ్లాస్క్‌ను 1.1.2 దగ్గరే ఆపుకుని, జింజా వెర్షన్‌ను మాత్రం పిన్ చేసుకోని (ఒక వెర్షన్‌కు కట్టేసుకోని) యాప్‌లు, ఎస్కేప్‌ను ఒక్కసారి కూడా వాడనివి సైతం, డిప్లాయ్ అవగానే ఇంపోర్టు దగ్గరే పడిపోయాయి. ఎందుకంటే ఇనిట్ ఫైల్లో ఉన్న ప్రతి లైనూ అందరికీ నడుస్తుంది. ఆ తర్వాత ఫ్లాస్కే 2.3లో హెచ్చరించి, 3.0లో ఆ పేర్లను బయటకు పంపేసింది.

మీ సొంత పేర్లకు చిన్న దారి వేయండి, తప్పులేదు. పక్కవాళ్ల పేర్లకు మాత్రం మీ బోర్డు తగిలించకండి.

డల్లాస్_పైథాన్
పై మాటకు ఇంకొకటి కలుపుతాను. ఫ్లాస్క్ ఆధారపడే వర్క్‌జూగ్ లైబ్రరీలో, అప్‌లోడ్ ఫైల్ పేరును సురక్షితం చేసే సెక్యూర్_ఫైల్‌నేమ్‌ను ఒకప్పుడు నేరుగా పై పేరు నుంచే తెచ్చుకునేవాళ్లం. 2020లో 1.0 వచ్చాక వర్క్‌జూగ్.యుటిల్స్ అని రాయాల్సిందే. ఫైల్ అప్‌లోడ్ నేర్పే పాత ట్యుటోరియల్స్ ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. మార్చాల్సింది ఒక్క లైనే, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ లైన్ ఎందుకు పనిచేయట్లేదో తెలియదు కదా. వాళ్ల టెన్షన్ మనం ఊహించుకోవాలి.

స్టార్లెట్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద కట్టిన ఫాస్ట్ఏపీఐలో ఒకే పేరుకు రెండు దారులుంటాయి. రెస్పాన్స్ క్లాసులైతే ఫాస్ట్ఏపీఐ నుంచి తెచ్చినా స్టార్లెట్ నుంచి తెచ్చినా ఒకటే. హెచ్‌టీటీపీ ఎక్సెప్షన్ అలా కాదు. ఫాస్ట్ఏపీఐది స్టార్లెట్ దానికి పిల్ల క్లాసు. లేని యూఆర్ఎల్‌కు వచ్చే 404 స్టార్లెట్ నుంచి వస్తుంది. మీ హ్యాండ్లర్‌ను (ఎర్రర్‌ను పట్టుకునే ఫంక్షన్) ఫాస్ట్ఏపీఐ క్లాసుకు కడితే ఆ 404 దాని చేతికి చిక్కదు. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లంతా ఇక్కడ ఆగిపోతారు.

విశాఖ_ల్యాబ్
కాలేజీలో జాంగో చెబుతాను, పిల్లల వైపు నుంచి ఒక మాట. వాళ్లను విసిగించేది ఫైల్ పైనుండే ఇంపోర్టులు కాదు, షెల్ (కోడ్‌ను లైన్ లైన్‌గా నడిపి చూసే కన్సోల్) తెరిచిన ప్రతిసారీ మోడల్స్‌ను మళ్లీ టైప్ చేయడం. 2025లో వచ్చిన జాంగో 5.2 ఆ బాధ తీర్చింది, షెల్ తెరవగానే మోడల్స్ సిద్ధంగా ఉంటున్నాయి. ఫైళ్లలో మాత్రం ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కనబడుతూ ఉండటమే నాకు నచ్చుతుంది, చదివి నేర్చుకునేవాళ్లకు అదే ఆధారం.

మంజీర
నాగావళి గారూ, జాంగో స్వయంగా ఏం చేసిందో చూడండి. అన్నిటినీ రూట్‌లో పోయలేదు. రెండర్, రీడైరెక్ట్, గెట్_ఆబ్జెక్ట్_ఆర్_404 లాంటి, రోజూ చేతిలో ఆడే కొన్నిటికే షార్ట్‌కట్స్ అని విడిగా ఒక మాడ్యూల్ పెట్టింది. రివర్స్ ఫంక్షన్ ఉండే జాంగో.కోర్.యూఆర్ఎల్‌రిజాల్వర్స్ అనే పొడుగు దారిని 1.10లో జాంగో.యూఆర్ఎల్స్‌గా కుదించింది. పాత దారిని వెంటనే మూసేయలేదు, 2.0లో తీసేసింది. సర్దుకోవడానికి మాకు సమయం దొరికింది.

మీ ప్యాకేజీలో సొంత మోడల్ ఫీల్డ్‌లు (టేబుల్ కాలమ్‌ల రకాలు) ఉన్నాయా? ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. మీ ఫీల్డ్ దారి మీ కోడ్‌లోనే ఉండిపోదు, వాడేవాళ్ల మైగ్రేషన్ ఫైళ్లలోకి (డేటాబేస్ మార్పులు నమోదయ్యే ఫైళ్లు) ఎక్కి అక్కడే ఉండిపోతుంది. తర్వాత మీరు ఫైల్ జరిపితే వాళ్ల పాత మైగ్రేషన్లు పగులుతాయి. జాంగో దీన్ని ముందే ఆలోచించింది. ఫీల్డ్‌లు నిజానికి మోడల్స్ కింద ఫీల్డ్స్ అనే లోపలి మాడ్యూల్లో ఉన్నా, మైగ్రేషన్‌లో రాసేటప్పుడు చిన్న దారే రాస్తుంది. ఫీల్డ్‌లోని డీకన్‌స్ట్రక్ట్ మెథడ్ ఆ పని చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ కోసమే ఉన్న జేసన్‌ఫీల్డ్‌ను 3.1లో అన్ని డేటాబేసులకూ తెచ్చి, పాతదాన్ని 4.0లో తీసేసినప్పుడు కూడా, పాత మైగ్రేషన్ల కోసం దాన్ని కొంత మిగిల్చింది.

నాగావళి
మంజీర గారూ, ఉన్నాయండి, డబ్బు మొత్తాల కోసం ఒక ఫీల్డ్ ఉంది. మైగ్రేషన్ల కోణం మా చర్చలో రాలేదు, చాలా థాంక్స్. ఇప్పుడు ఇలా అనుకుంటున్నాం: ఇనిట్‌లో వెర్షన్ తప్ప ఏమీ ఉండదు. వ్యూలలో రోజూ వాడేవాటికి షార్ట్‌కట్స్ మాడ్యూల్. ఫీల్డ్‌కు ఫీల్డ్స్ అనే ఒకే దారి, దాన్నే డీకన్‌స్ట్రక్ట్‌లో రాయిస్తాం. ఇప్పటికే మా ఇతర టీమ్‌లు వాడుతున్న పాత దారులను రెండు రిలీజ్‌ల పాటు హెచ్చరికతో ఉంచుతాం.

హనుమకొండ_డెవ్
బాగుంది. హెచ్చరిక ఎక్కడ పెడతారో చూసుకోండి. పాత మాడ్యూల్ పైభాగాన పెడితే, ఒక ప్రాసెస్‌లో మొదట ఇంపోర్టు చేసిన ఫైల్‌కే వస్తుంది, ఆ తర్వాత మాడ్యూల్ క్యాష్ నుంచే వస్తుంది కాబట్టి మిగతా ఫైళ్ల సంగతి తెలియదు. పైథాన్ 3.7 నుంచి మాడ్యూల్‌కే గెట్‌యాట్ర్ (అడిగిన పేరు మాడ్యూల్లో లేనప్పుడు నడిచే ఫంక్షన్) రాసుకోవచ్చు. పాత పేర్లను దాని ద్వారా ఇస్తే, అడిగిన ప్రతి చోటా హెచ్చరిక లేస్తుంది. హెచ్చరిక ఇచ్చే ఫంక్షన్‌కు స్టాక్‌లెవల్ 2 ఇవ్వండి, లేకపోతే హెచ్చరికలో వాళ్ల ఫైల్ పేరుకు బదులు మీ ఫైల్ పేరు కనబడుతుంది. డెప్రికేషన్ వార్నింగ్‌లను (ఇది ముందుముందు తీసేస్తాం అనే హెచ్చరికలు) పైథాన్ మామూలుగా చాలావరకు దాచేస్తుంది. అందుకని టెస్టులను డబ్ల్యూ ఆప్షన్‌తో, అన్ని వార్నింగ్‌లూ కనబడేలా నడపమని రీడ్‌మీలో పైనే రాయండి.