స్విట్జర్లాండ్ ఐస్ హాకీ వరల్డ్ చాంపియన్‌షిప్: అది చూపించి మన సిమెంటు కోర్టు మీద ఏం నేర్పొచ్చు?

కోటజంక్షన్:
2026 మే 15 నుంచి 31 దాకా జ్యూరిక్, ఫ్రిబూర్గ్‌లలో మగవాళ్ళ ఐస్ హాకీ వరల్డ్ చాంపియన్‌షిప్ ఉంది కదండీ. విజయనగరంలో మా దగ్గర ఇన్‌లైన్ స్కేటింగ్ (ఒకే వరసలో చక్రాలుండే బూట్లతో) నేర్చుకునే పిల్లలు పన్నెండు మంది, 9 నుంచి 14 ఏళ్ళ లోపు వాళ్ళు. ఇప్పటిదాకా స్పీడ్ స్కేటింగే. సెలవుల్లో ఆ మ్యాచ్‌లు చూపిస్తూ, పొద్దున్న పూట హాకీ మొదలెడదామని ఆలోచన. ఉన్నది బాస్కెట్‌బాల్ కోర్టు, 28 × 15 మీటర్లు, కొంచెం గరుకు సిమెంటు. పిల్లలు మెలకువగా ఉండే టైంలో మ్యాచ్‌లు వస్తాయా? పక్ (బంతి బదులు వాడే గుండ్రటి బిళ్ళ) ఏది కొనాలి? గోల్ ఇక్కడే చేయించుకోవచ్చా? మామూలు హాకీ కర్రలు నాలుగు ఉన్నాయి, వాటితో నడుస్తుందా?

నాగావళిఒడ్డు:
ముందు టైం సంగతి. మేలో స్విట్జర్లాండ్ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. ఈ మధ్య ఏళ్ళలో గ్రూపు మ్యాచ్‌లు అక్కడ సాయంత్రం 4:20కి, రాత్రి 8:20కి పెడుతున్నారు. అంటే మనకు రాత్రి 7:50, 11:50. పిల్లలకు 7:50 మ్యాచ్ చాలు.

ఇరవయ్యేసి నిమిషాల పీరియడ్లు మూడు. ఆట ఆగినప్పుడల్లా గడియారమూ ఆగుతుంది, విరామాలు కలుపుకుంటే రెండు గంటలు దాటిపోతుంది. అంతసేపు కూర్చోబెట్టొద్దు. ఒక్కటే చూపించాలంటే రెండో పీరియడ్ చూపించండి. అందులో జట్లు వైపులు మారతాయి కాబట్టి సొంత గోల్ నుంచి బెంచి దూరమవుతుంది. అలసిపోయిన ఆటగాడు బెంచి దాకా వెళ్ళలేక అక్కడే చిక్కుకుంటాడు, గోల్ పడుతుంది. షిఫ్ట్, అంటే బెంచి దిగి ఆడి మళ్ళీ బెంచికి చేరేదాకా పట్టే సమయం, ఎందుకు చిన్నదిగా ఉండాలో పిల్లలకు అదే చెబుతుంది.

పక్ వెంట చూపు పోనివ్వకండి. ఒక్కొక్కరికీ ఒక్కో ఆటగాడి నంబరు ఇచ్చి, అతను బెంచి దిగిన దగ్గర్నుంచి మళ్ళీ ఎక్కేదాకా సెకన్లు లెక్కపెట్టమనండి. 40 నుంచి 50 మధ్య వస్తుంది. పక్ తన దగ్గర లేనప్పుడు ఎటు తిరిగి నిలబడ్డాడు, కర్ర నేల మీద ఉందా లేదా, అదీ చూడమనండి. నేర్చుకోవలసిన ఆట అంతా అక్కడే ఉంది.

జ్యూరిక్ గ్రూపులో స్విట్జర్లాండ్, అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, లాట్వియా, ఆస్ట్రియా, హంగరీ, బ్రిటన్. ఫ్రిబూర్గ్‌లో కెనడా, స్వీడన్, చెక్, డెన్మార్క్, స్లోవేకియా, నార్వే, స్లొవేనియా, ఇటలీ. ప్రతి జట్టుకూ ఏడు మ్యాచ్‌లు, మొదటి నాలుగూ క్వార్టర్ ఫైనల్‌కి, ఆఖరిది కింది డివిజన్‌కి. అరవై నిమిషాల్లో గెలిస్తే 3 పాయింట్లు, ఓవర్‌టైంలోనో షూటౌట్‌లోనో గెలిస్తే 2, అలా ఓడినవాళ్ళకు 1. స్విస్ జట్టు మ్యాచ్‌లు వదలొద్దు. 2024 ఫైనల్లో చెక్ చేతిలో 2-0తో, 2025లో అమెరికా చేతిలో ఓవర్‌టైంలో 1-0తో ఓడారు. ఇప్పుడు సొంతగడ్డ మీద ఆడుతున్నారు.

బేరింగ్608:
ఐస్ హాకీ పక్ కొనకండి. 3 అంగుళాల వెడల్పు, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల గట్టి రబ్బరు. మంచు మీద జారుతుంది గానీ సిమెంటు మీద పట్టేసి, అంచు మీద నిలబడి చక్రంలా దొర్లిపోతుంది. అడుగున ప్లాస్టిక్ బొడిపెలుండే ఇన్‌లైన్ పక్ నున్నటి నేలకు బాగుంటుంది, గరుకు సిమెంటుకు ఆ బొడిపెలు త్వరగా అరిగిపోతాయి. మీ కోర్టుకు స్ట్రీట్ హాకీ బాల్ సరి. అందులో ఆరెంజ్ రంగుది వేడి వాతావరణానికి చేసింది. అదైనా ఎండకు మెత్తబడి ఎగురుతుంది, కాబట్టి ఆరింటికల్లా మొదలెట్టి ఏడుంపావుకి ఆపేయండి.

మామూలు హాకీ కర్రకు ఒక్కవైపే చదును, పైగా పొట్టి. ఈ ఆటలో కర్ర కింద ఉండే బ్లేడు రెండు వైపులా వాడాలి. స్కేట్స్ వేసుకుని నిలబడితే కర్ర గడ్డం దాకా రావాలి. ఫ్లెక్స్ నంబరు (కర్ర ఎంత బిగువో చెప్పేది) పిల్లవాడి బరువు పౌండ్లలో సగం ఉండాలి. 35 కిలోల వాడికి 40 లోపు. పెద్దవాళ్ళ కర్ర కోసిస్తే ఇంకా బిగుసుకుపోతుంది, షాట్ రాదు.

గోల్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు 6 మీటర్లది ఒకటి, 3 మీటర్లది ఒకటి, ఎల్బోలు ఆరు తెచ్చుకోండి. పెద్దదాంట్లో 6, 6, 4, 3.5 అడుగుల ముక్కలు, చిన్నదాంట్లో 4, 3.5. పైకమ్మి, రెండు నిలువులు, నేల మీద రెండు పక్కలు, వెనక కమ్మి, అంతా ఒకే చుట్టు. అతికించే ముందు వెనక పైపులో ఇసుక నింపండి, లేకపోతే బాల్ తగిలినప్పుడల్లా గోల్ ఎగిరిపడుతుంది. పై మూలల నుంచి వెనక మూలలకు నైలాన్ తాడు బిగించి కట్టాలి. వల కోసం వేరే కొనక్కర్లేదు. భీమిలి వైపో, కళింగపట్నం వైపో పాత చేపల వల దొరుకుతుంది. 14 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ముక్క చాలు. కన్ను అంగుళంన్నర మించకూడదు.

స్కేటు చక్రాల బేరింగులు 608 సైజు. మోటారు వైండింగ్ వాళ్ళకు సామాన్లమ్మే షాపుల్లోనే దొరుకుతాయి, రబ్బరు మూత ఉన్న 2ఆర్‌ఎస్ అడగండి. రేకు మూతవి మన దుమ్ముకు ఆగవు.

గంటస్తంభం:
అన్నిటికంటే ముందు చూడాల్సింది స్కేట్లు. స్పీడ్ స్కేట్‌కి ఫ్రేము పొడుగు, చక్రాలు పెద్దవి, బూటు చీలమండ దగ్గర కిందకి ఉంటుంది. గబుక్కున తిరగలేవు, చీలమండ మెలిపడుతుంది. హాకీకి 72 నుంచి 80 మిల్లీమీటర్ల చక్రాలు, చీలమండ దాటిన బూటు కావాలి. చక్రం గట్టిదనం 82ఏ నుంచి 85ఏ. ఇండోర్‌వి 76ఏ వేస్తే గరుకు సిమెంటు మీద వారాల్లో అరిగిపోతాయి.

అసలు ప్రమాదం ఇంకోటుంది. టీవీలో ఆటగాళ్ళు పాదాలు అడ్డంగా తిప్పి, మంచు చిమ్మేలా టక్కున ఆగుతారు. పిల్లలు మర్నాడే అది చేయబోతారు. మంచు మీద బ్లేడు అడ్డంగా జారుతుంది కాబట్టి ఆగుతుంది. సిమెంటు మీద చక్రం జారదు, పట్టేస్తుంది, కాళ్ళు ఆగి ఒళ్ళు ముందుకు పోతుంది. ముంజేయి విరిగేది అలాగే. కాబట్టి మొదటి నాలుగు రోజులు కర్ర ముట్టనివ్వకండి. టీ-స్టాప్ (వెనక పాదం అడ్డంగా పెట్టి ఈడుస్తూ ఆగడం), మోకాళ్ళు వంచి చిన్న గుండ్రంలో తిరిగి వేగం చంపుకోవడం, రెండు వైపులకూ. ఎడమకే తిరగడం అలవాటైన స్పీడ్ స్కేటర్లకు కుడివైపు చాలా కష్టమవుతుంది, అక్కడ ఓపిక పట్టాలి.

ఆ కోర్టుకు ముగ్గురేసి, ఒక్కో గోలీ. ఆఫ్‌సైడు, ఐసింగు అనే రూల్సు వదిలేయండి. ఢీకొట్టడం ఇన్‌లైన్‌లో ఎలాగూ లేదు. కర్ర నడుం దాటి లేస్తే రెండు నిమిషాలు బయట. ముగ్గురికి ఇద్దరు మిగిలితే పవర్‌ప్లే ఏంటో వాళ్ళకే అర్థమవుతుంది.

కోటజంక్షన్:
చాలా ఉపయోగమండీ. కోర్టు పక్కలు తెరిచే ఉన్నాయి, బాల్ రోడ్డు మీదకి పోతుంది. సరుగుడు వాసాలు చుట్టూ పడుకోబెడితే సరిపోతుందా?

గంటస్తంభం:
వద్దండి. గుండ్రటి వాసం మీదకి చక్రం ఎక్కేస్తుంది, బాల్ కూడా దాని మీంచి దూకుతుంది. 8 అంగుళాల చెక్క పలకలు నిలువుగా పెట్టి, బయటి వైపు ప్రతి నాలుగడుగులకు ఇసుక బస్తా ఆనించండి. ఆ సరుగుడు వాసాలు బస్తాల వెనక అడ్డుగా పనికొస్తాయి. నాలుగు మూలలూ చదరంగా వదలకండి, బాల్ అందులో ఇరుక్కుని నలుగురూ కర్రలతో పొడుచుకుంటారు. మూల నుంచి రెండు వైపులా రెండేసి మీటర్లు వదిలి, పలక ఏటవాలుగా పెట్టండి. అసలు రింకులో మూలలు గుండ్రంగా ఉండేది ఆట అక్కడ ఆగిపోకూడదనే.

బేరింగ్608:
పలకల లోపలి వైపు మేకు మొనలు, చీలిన పేళ్ళు లేకుండా చేత్తో తడిమి చూడండి. ఆట మొదలయ్యే ముందు రోజూ కోర్టు ఊడవాలి, తడపకూడదు. తడి సిమెంటు మీద టీ-స్టాప్ పనిచేయదు.