4 జీబీ ర్యామ్ వేయిస్తే 3.25 చూపిస్తోంది

పాతడబ్బా:
నాన్నగారి పాత డెస్క్‌టాప్‌కి రెండు 2 జీబీ స్టిక్కులు వేయించాను. 32 బిట్ విండోస్ 7. వాడుకోడానికి 3.25 మాత్రమే అంటోంది. స్టిక్కులు మార్చమనాలా? 64 బిట్ వేస్తే పాత ప్రింటర్ పనిచేస్తుందా?

గుంటూరుబాబు:
షాపతన్ని వదిలేయండి. నేను ఇలాగే గొడవపడి రెండుసార్లు మార్పించా, మళ్లీ అదే 3.25. 32 బిట్లతో వచ్చే అడ్రసులు మొత్తం 4,29,49,67,296, బైటుకొకటి చొప్పున 4 జీబీ. అందులో పైవాటిని గ్రాఫిక్స్ కార్డుకీ, కంప్యూటర్‌ని మొదట లేపే బయోస్‌కీ ముందే కేటాయించేశారు. మిగిలిన ర్యామ్ ఉంది గానీ డోర్ నంబర్ లేదు.

బిట్‌శాస్త్రి:
32 బిట్ అంటే 4 జీబీ దాటదనడం సగం నిజమే. 1995లో వచ్చిన పెంటియం ప్రో చిప్పుకే 36 బిట్ల అడ్రసు, అంటే 64 జీబీ. డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) తికమకపడుతున్నాయని విండోస్ వాళ్లే ఇళ్లలో వాడే వెర్షన్లకు 4 దగ్గర తాళం వేశారు. పదిహేనేళ్లు డ్రైవర్లు రాసినవాణ్ని, నాకు తెలీదా!

ల్యాబ్‌మాస్టారు:
అంత రాసినవారికి ఇంటెల్ పాత చిప్పు 8086 గుర్తుందా? రిజిస్టర్లు 16 బిట్లు, అడ్రస్ లైన్లు 20. అందుకే అడ్రసుని సెగ్మెంట్:ఆఫ్‌సెట్ అని రెండు ముక్కలుగా రాసి, సెగ్మెంట్‌ని 16తో హెచ్చించి ఆఫ్‌సెట్ కలపాలి. 1234:0010 అన్నా 1235:0000 అన్నా చేరేది 12350కే (అన్నీ హెక్స్, అంటే పదహారు ఆధారంగా రాసే అంకెలు; 16తో హెచ్చిస్తే చివర సున్నా చేరుతుంది). మొన్న వైవాలో నలభైమందిని అడిగితే ముగ్గురు చెప్పారు.

బిట్‌శాస్త్రి:
మరి ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:0010 ఎక్కడికి పోతుంది మాస్టారూ?

ల్యాబ్‌మాస్టారు:
సరిగ్గా 1 ఎంబీ దగ్గరికి. ఇదీ ఒక ప్రశ్నేనా?

బిట్‌శాస్త్రి:
8086లో 21వ లైనే లేదు, తిరిగి సున్నాకి వస్తుంది! తర్వాత వచ్చిన 286 చిప్పులో 24 లైన్లు కాబట్టి నిజంగానే 1 ఎంబీకి పోతుంది. అలా సున్నాకి రావడాన్నే నమ్ముకున్న పాత ప్రోగ్రాముల కోసం ఐబీఎం ఏటీ కంప్యూటర్‌లో ఆ 21వ లైనుకి గేటు పెట్టి, దాని తాళంచెవి కీబోర్డు కంట్రోలర్ చేతికిచ్చారు.

ల్యాబ్‌మాస్టారు:
నేను చెప్పింది లెక్క, మీరు చెప్పేది చిప్పు. సిలబస్‌లో లెక్కే ఉంది.

లూపులరాజు:
మీ 8086 సంగతేమో గానీ, నేను సీ భాషలో పెద్ద మ్యాట్రిక్స్‌ని కాలమ్ వెంట కూడి చచ్చాను. సీ దాన్ని మెమరీలో అడ్డ వరుసల వెంట పేరుస్తుంది. కాష్ (ప్రాసెసర్‌లోని చిన్న వేగపు మెమరీ) ఒక్కసారికి పక్కపక్కనున్న 64 బైట్లు లాగుతుంది. 16 ఇంటిజర్లొస్తే ఒకటి వాడి 15 పారేసినట్టే. ఐ, జే లూపులు తారుమారు చేస్తే పరుగెత్తింది.

పాతడబ్బా:
64 బిట్ వేశాను. ఇంకా 3.25యే!

గుంటూరుబాబు:
బయోస్‌లో మెమరీ రీమ్యాప్ అని ఉంటుంది, డోర్ నంబర్ లేని ర్యామ్‌కి 4 జీబీ పైన నంబరిస్తుంది, ఆన్ చేయండి. కొన్ని పాత బోర్డుల్లో అది ఉండదు, అప్పుడిక చేసేదేం లేదు.

పాతడబ్బా:
ఉంది, ఆన్ చేశాను, 3.9 దాకా వచ్చింది. ప్రింటర్‌కి మాత్రం డ్రైవర్ లేదంటోంది. నాన్నగారు పొద్దుటి నుంచి మాట్లాడటం లేదు.

ల్యాబ్‌మాస్టారు:
ఆ కీబోర్డు కంట్రోలర్ 8042యే కదా? మా ల్యాబ్ బీరువాలో ఒకటి ఉంది.