ట్రెక్కింగ్ ఫోటోలు చూసి బొమ్మ వేస్తే క్యాలెండర్ బొమ్మలా వస్తోంది, ఏం చేయాలి?

కొండగాలి:
నేను నీటిరంగులు వేస్తాను. సెలవు దొరికితే చాలు కొండలెక్కడం, తెల్లారకముందే బైనాక్యులర్ పట్టుకుని పక్షుల కోసం కాపు కాయడం నా పిచ్చి. తిరిగొచ్చేసరికి ఫోన్ నిండా ఫోటోలు. వాటిని ముందు పెట్టుకుని బొమ్మ వేస్తే మాత్రం క్యాలెండర్‌కి పనికొచ్చేలా తయారవుతోంది. చూసినవాళ్లు బాగుందనే అంటున్నారు. కానీ పైన నిలబడినప్పుడు నాకు కలిగింది ఏదీ అందులో కనబడదు. పోనీ అక్కడే కూర్చుని వేద్దామా అంటే, రంగుల పెట్టె తీసేలోపే బృందంలోవాళ్లు "ఇంకా ఎంతసేపు?" అంటారు. తిరుగుడు, బొమ్మలు రెండూ ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

తెడ్డు_కుంచె:
అందరూ ఫోటో తీసే చోట నిలబడి, అందరికీ కనిపించేదే వేస్తున్నారేమో చూసుకోండి. నాది కయాకింగ్. పడవలో కూర్చుంటే కన్ను నీటికి బాగా దగ్గరగా ఉంటుంది. అవతలి ఒడ్డు సన్నటి గీతలా అణిగిపోతుంది, ముందున్న చిన్న అల పెద్దదై లేస్తుంది. పడవ పక్కన నిటారుగా కిందికి చూస్తే అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. చూపు దూరం జరిపేకొద్దీ రాళ్లు మాయమై ఆకాశం మాత్రమే మిగులుతుంది. మధ్యలో ఒడ్డు చెట్టు నల్లటి ప్రతిబింబం పడిందా, అక్కడ మళ్లీ రాళ్లు తేలతాయి. తెడ్డు వేస్తూ వేస్తూ పట్టుకున్న సంగతి ఇది. కొంతకాలంగా నా బొమ్మలన్నీ దీని చుట్టూనే తిరుగుతున్నాయి, ఇంట్లోవాళ్లకు విసుగొచ్చేంతగా!

అమెరికా చిత్రకారుడు విన్‌స్లో హోమర్‌కి చేపల వేటంటే ప్రాణం. ఆయన నీటిరంగుల్లో ఎగిరిన ట్రౌట్ చేప మన ముక్కు ముందే ఉంటుంది. గాలం పట్టి నీళ్లలో దిగినవాడికే ఆ దూరం తెలుస్తుంది.

మీకు పక్షుల అలవాటు ఉంది కదండీ. ఎండకు అడ్డంగా ఎగిరే గద్ద నల్లటి ఆకారమే, అయినా రెక్కల వాలు చూసి పోల్చేస్తారు. ఆ కన్ను ఉండగా ఫోటో చూసి ఈకలు లెక్కపెట్టడం ఎందుకు?

జేబు_నోటుబుక్కు:
టైమ్ విషయం నేను చెప్తాను. పోస్టుకార్డు సైజు పుస్తకం, ఒక పెన్సిల్ చాలు. బృందం నీళ్లు తాగడానికి ఆగినప్పుడే పని అయిపోవాలి. వెలుగు, మధ్యరకం, చీకటి, ఈ మూడు ముద్దలే పెడతాను. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, ఎక్కువసేపు కూర్చుంటే మొదట గీసిన నీడా చివర గీసిన నీడా ఒకదానికొకటి పొసగవు. రంగులు మాటల్లో రాస్తాను: "రాతి నీడ ఊదా, ఫోటోలో నల్లగా వస్తుంది, నమ్మకు." ఇంకోటి, కాగితం మీద నేరుగా ఎండ పడనీయకండి. ఆ తెలుపుకి కళ్లు చెదిరి ముదురు రంగులు వేసేస్తాం, ఇంట్లో చూస్తే అంతా మసి.

కెనడా చిత్రకారుడు టామ్ థామ్సన్ ఆల్గొంక్విన్ పార్కులో పడవ మీద తిరుగుతూ, చేపలు పడుతూ, గైడుగా పనిచేస్తూ చిన్న చిన్న చెక్క పలకల మీద స్కెచ్‌లు వేసుకునేవాడు. పేరుపొందిన ఆయన పైన్ చెట్టు చిత్రం "ద జాక్ పైన్" 1916లో అక్కడ వేసిన చిన్న స్కెచ్ నుంచి వచ్చిందే. ఆ చలికాలం టొరంటో స్టూడియోలో దాన్ని దాదాపు 128 × 140 సెంటీమీటర్ల కాన్వాస్‌గా పెంచాడు.

లెన్స్_మనిషి:
ఫోటోని మరీ విలన్‌ని చేయకండి బాబూ. నీడల కోసం ఒకటి, ఆకాశం కోసం ఒకటి, వెలుగు మార్చి రెండు తీయండి. కాళ్ల కింద నేల కూడా తీయండి, దాన్నెవరూ తీయరు. గాలి ఎటు వీస్తోందో పది సెకన్ల వీడియోలో తెలిసిపోతుంది.

కొండగాలి:
రెక్కల వాలు మాట సూటిగా తగిలింది. నేను జూమ్ చేసి ఈకలే వేస్తున్నాను మరి. ఒక్క డౌటు. నేను వెళ్లే వేళకి పొగమంచు ఉంటుంది, కాగితం ఓ పట్టాన ఆరదు. అప్పుడెలా?

జేబు_నోటుబుక్కు:
మంచులో రంగు మీద రంగు పెట్టాలని చూడకండి, అంతా కలిసిపోయి బురదవుతుంది. ఒక్క వాష్ (నీళ్లు ఎక్కువ కలిపిన పలచటి రంగు పూత) వేసి వదిలేయండి. మిగతా అంతా పెన్సిల్‌తో, మాటలతో. పుస్తకం మూస్తే పేజీలు అతుక్కుంటాయి కాబట్టి తెరిచే ఉంచి, బ్యాగు వెనక క్లిప్పుతో తగిలించి నడవండి, నడకగాలికి చాలావరకు ఆరుతుంది. చినుకు మచ్చలు పడితే పడనివ్వండి. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1870లో ఫ్రాన్స్‌లోని ట్రూవిల్ బీచ్‌లో వేసిన ఒక చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. రంగులో ఇరుక్కున్న ఇసుక రేణువులు ఇప్పటికీ అందులో ఉన్నాయట. క్లిప్పులు మాత్రం రెండు పెట్టుకోండి, ఒకటి ఎలాగూ దారిలో పోతుంది.